వాడపాలెం హిమ చిక్కుడు

ఆ ఏడు వాడపాలేనికి చలికాలం ఉత్తర్వు మీద వచ్చింది.

మామూలుగా అయితే ఎవరూ పిలవకుండానే వచ్చేది. కార్తీకం వెళ్ళాక ఒక పొద్దున సముద్రం వైపు నుంచి కాస్త పల్చటి గాలి తిరిగేది. బాలికల హాస్టల్ వంటమనిషి సామ్రాజ్యం తలకు తువ్వాలు చుట్టుకుని పొయ్యి అంటించేది. మొదటి వాయి ఇడ్లీ దిగేలోగా ఆ తువ్వాలే విప్పి మొహాన పట్టిన చెమట తుడుచుకునేది. వాడపాలెం చలికాలం అంత మాత్రమే. తువ్వాలు చుట్టుకోవడానికీ విప్పడానికీ మధ్య ఉండేది.

హాస్టల్ పిల్లలకు మాత్రం చలికాలమంటే చిక్కుడు పందిరి. తొలకరికి వాళ్ళే గింజలు పెడతారు. వానలు పడినన్నాళ్ళూ తీగ పందిరంతా పాకుతుందే గాని ఒక్క పువ్వు చూపించదు. పొద్దు కురచ కాగానే ఊదారంగు పూలు విరగబూస్తాయి. ఆ వెనకే గుత్తులు గుత్తులుగా కాయలు. పందిరి పక్కనే వంకాయ మడి, టమాటా మడి, గోంగూర. మిగతా నెలల్లో ఆ హాస్టల్ పళ్ళేల్లో పప్పు అనే పేరుతో పసుపు నీళ్ళు తిరుగుతుంటాయి. అందుకని బడినుంచి రాగానే పిల్లలు పుస్తకాల సంచులు కూడా దించకుండా పందిరి కిందికి పోయి, మెడలు పైకెత్తి, కాయలు ఎంత లావయ్యాయో చూసుకుని వచ్చేవాళ్ళు.

సరిగ్గా మొదటి కోతకు కాయ తయారవుతున్న వారంలో ఉత్తర్వు దిగింది. దాని పేరు శీతాకాల తోటపని మహోద్యమం.

మహోద్యమ కమిషనర్ గారు అంతకుముందు ఏదో చలిదేశానికి అధ్యయన యాత్ర వెళ్ళి వచ్చారు. అక్కడివాళ్ళు చలికాలంలో పెరట్లో ఏమేం పనులు చేసుకుంటారో చెప్పే చిన్న పుస్తకం ఒకటి విమానాశ్రయంలో కొనుక్కొచ్చారు. దాన్ని తెలుగులోకి మార్పించి, కింద సంతకం పెట్టారు. సంతకం పడింది కాబట్టి అది ఉత్తర్వు అయింది. ఉత్తర్వు అయింది కాబట్టి రాష్ట్రమంతటికీ చలి వర్తించింది.

హాస్టల్ వార్డెన్ దమయంతి దాన్ని ఆఫీసు గదిలో నిలబడే చదివింది. ఆమె ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. అందువల్ల పై నుంచి వచ్చే కాగితాలను కూర్చుని చదివే అలవాటు ఆమెకు లేదు. తలుపు దగ్గర చేట పట్టుకుని సామ్రాజ్యం, ఆమె వెనక వాచ్‌మన్ ఏసోబు చెవులు రిక్కించి నిలబడ్డారు.

"ప్రతి వసతిగృహం ఆవరణలో గ్రీన్‌హౌస్ ఒకటి నిర్మించవలెను. దాని పైకప్పు మీద పేరుకొన్న మంచును ప్రతిదినము ఉదయం మెత్తని చీపురుతో తొలగించవలెను..."

"ఏం పేరుకుంటదంటా?" అంది సామ్రాజ్యం.

"మంచు."

"మన కప్పు మీద కాకి రెట్ట తప్ప ఇంకేం పేరుకుంటది మేడమ్ గారూ?"

"ఉండు సామ్రాజ్యమ్మా. లేత మొక్కలకు ఉన్ని రగ్గులు కప్పవలెను. ఆహారం దొరకక అలమటించు శీతాకాల పక్షులకు ఆ ఆవరణలో పండిన దానితోనే మేత వేయవలెను. శీతాకాలమున భూమి నిద్రించును గనుక..." దమయంతి ఒకసారి కిటికీలోంచి పందిరి వైపు చూసింది. "గనుక తీగజాతి మొక్కలన్నిటిని మొదలుకంటా నరికి, వసంతం వరకు నేలకు విశ్రాంతినివ్వవలెను."

చేటలో బియ్యం చెరగడం ఆగిపోయింది.

"నేల పడుకుంటదా?" అన్నాడు ఏసోబు. "మన నేల పడుకునేది ఎండాకాలంలో గదా? ఇప్పుడే గదా అది ఒళ్ళు వొంచి పనిచేసేది?"

"ఇప్పుడు పడుకోవాలని రాశారు."

"అట్టయితే దానికి చదివి వినిపిద్దాం," అంది సామ్రాజ్యం చేట మళ్ళీ ఊపుతూ. "ఇంటదేమో."

గ్రీన్‌హౌస్ మాత్రం చెప్పిన గడువుకంటే ముందే లేచింది. ఎండ మొత్తం పడేచోటు చూసి, ఇనప కమ్మీలు వంచి, మీద దళసరి ప్లాస్టిక్ పట్టా బిగించి కాంట్రాక్టరు వెళ్ళిపోయాడు. మడిలోంచి తీసి లోపల నాటిన టమాటా నారు మూడోనాటికి ఉడికిన తోటకూరలా వాలిపోయింది. సామ్రాజ్యం ఆ గదిలో ఒకసారి తల పెట్టి చూసి, వెనక్కి వచ్చి, తన గుమ్మడి వడియాల చాప ఎత్తుకుని లోపల పరిచింది. మర్నాటికే అవి గలగలలాడాయి. చలికి సరిగా పులవని ఇడ్లీ పిండి గిన్నె కూడా పెట్టింది. అది పొంగి నేలమీదికి నడిచి వచ్చింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ప్రభుత్వం తన కష్టం చూసి ఒక సౌకర్యం ఇవ్వడం ఇదే మొదలని సామ్రాజ్యం అందరితోనూ చెప్పుకుంది.

డిసెంబరు నడుమ తనిఖీ అధికారి పరాంకుశం గారు వచ్చారు. బట్టతల, దళసరి కళ్ళజోడు, చంకలో ఫైలు. ఆయనను శీతాకాల అమలు అధికారిగా వేసి కొద్ది రోజులే అయింది. అంతకుముందు ఆయన కరువు సహాయంలో ఉండేవారు. చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. సామ్రాజ్యం ఇచ్చిన మజ్జిగ గడగడా తాగి, ఫైలు తెరిచారు.

"మంచు తొలగింపు ఎదురుగా శూన్యం అని రాశారేమిటమ్మా?"

"పడలేదు సార్."

"పడకపోవడం వేరు, తొలగించకపోవడం వేరు. ఫారంలో అడిగింది తొలగించారా లేదా అని. శూన్యం అంటే విధినిర్వహణలో శూన్యం అని పై స్థాయిలో భావిస్తారు."

"మన ఊళ్ళో ఎప్పుడూ పడలేదు సార్."

"పడదని మీరు నిర్ధారించడానికి మీకున్న అధికారం ఏమిటి?" పరాంకుశం గారు గొంతు తగ్గించారు. "దమయంతి గారూ, నేను మీ మంచి కోరి చెబుతున్నాను. పక్క మండలం హాస్టల్ వాళ్ళు మంచు తొలగిస్తున్న ఫొటో పంపారు. దూది అని నాకూ తెలుసు, మీకూ తెలుసు. ఫొటోకి తెలియదు. మీ ఉద్యోగం ఖాయపరిచే కాగితం కూడా మా ఆఫీసు మీదుగానే పోవాలి."

తర్వాత ఆయన పెరట్లోకి నడిచి పందిరి ముందు ఆగారు. కాయలు నిగనిగలాడుతున్నాయి. ఆయన చెయ్యి తనంతట తానే పైకి లేచి ఒక కాయను వేళ్ళతో నొక్కి చూసింది. లోపల గింజ కట్టింది. చెయ్యి దించుకుని గొంతు సవరించుకున్నారు.

"ఇది ఇంకా ఎందుకు నరకలేదు? కమిషనర్ గారు స్వయంగా పర్యటనకు వస్తున్నారు. ఆయన వచ్చేలోగా సదరు పందిరి నిద్రావస్థలో ఉండాలి."

పరాంకుశం గారు జీపెక్కి వెళ్ళాక దమయంతి పందిరి కిందే నిలబడిపోయింది. ఆమె కూడా చిన్నప్పుడు ఇలాంటి హాస్టల్లోనే పసుపు నీళ్ళు తాగి చదువుకుంది. పందిరి ఉంచితే ఉద్యోగం పోతుంది. నరికితే పిల్లల మొహాలు చూడాలి. ఏసోబు గొడ్డలి తెచ్చి గోడకు ఆనించాడు గాని దాన్ని ఎవరూ అడగలేదు.

"ముందు మంచు సంగతి చూద్దాం," అంది చివరికి దమయంతి. "నరకడం ఎంతసేపు పని? అది చివర్లో చూసుకుందాం."

మంచుకు వాడపాలెంలో కొదవ లేదు. రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీ ఉంది. రొయ్యల పెట్టెల్లో పోయడానికి అక్కడ దిమ్మెలు కొట్టి పొడి చేస్తారు. ఏసోబు బావమరిది అక్కడే పని. తెల్లారగానే ఏసోబు నాలుగు గోతాల ఐసుపొడి రిక్షాలో వేసుకొచ్చి, నిచ్చెన వేసి గ్రీన్‌హౌస్ నెత్తిన పోశాడు. వెంటనే మెత్తని చీపురుతో తొలగించాడు. ఈ రెంటి మధ్యా దమయంతి ఫొటో తీసింది. చిక్కల్లా ఒక్కటే. ఆ ఐసు రొయ్యల పక్కన కాపురం చేసి వచ్చింది. కాసేపటికి ఊళ్ళో కాకులన్నీ కప్పు మీద వాలాయి. కాకుల కోసం పిల్లులొచ్చాయి. ఫొటోలో మంచు కంటే కాకులే ఎక్కువ పడ్డాయి.

పరాంకుశం గారు ఆ ఫొటో చూసి ఆనందంతో, ఒక్క దెబ్బకు రెండు పనులు అమలయ్యాయని రాసి పైకి పంపారు. మంచు తొలగించబడింది. శీతాకాల పక్షులు ఆశ్రయం పొందినవి.

దాంతో వాడపాలెం పేరు పైదాకా పాకింది. ఫొటోలో మంచు ఉంది, ధ్రువీకరిస్తూ సంతకం ఉంది. ఇక అనుమానమేముంది? వాడపాలేన్ని హిమపాత ప్రభావిత ప్రాంతంగా ప్రకటించారు. ప్రభావిత ప్రాంతం కాబట్టి సహాయంగా లారీలో ఉన్ని రగ్గులు దిగాయి. చలిదేశంలో గొర్రెలు కూడా సంతోషంగా కప్పుకునేంత మందం. ఒక్కో రగ్గు మీద మొక్కలకు మాత్రమే అని అచ్చు వేసి ఉంది.

పిల్లలు పల్చటి దుప్పట్లలో ముడుచుకుని పడుకుంటారని దమయంతికి గుర్తొచ్చి, పరాంకుశం గారికి ఫోను చేసింది.

"సార్, రగ్గులు పిల్లలకు ఇవ్వొచ్చా?"

"పిల్లలు మొక్కలా అమ్మా?"

"కాదు సార్."

"మరి? లేనిపోని ఆడిట్ అభ్యంతరం. అయితే రగ్గులను ఎప్పటికప్పుడు దులపవలెనని నిబంధన ఉంది. ఎలా దులపాలో, ఎంతసేపు దులపాలో రాయలేదు. అది క్షేత్రస్థాయి విచక్షణ."

ఆ రోజు నుంచి వంకాయ మొక్కలు పగలంతా రగ్గులు కప్పుకుని చెమటలు కక్కాయి. పొద్దుగూకగానే పిల్లలు వాటిని దులపడానికి తీసుకుపోయి, తెల్లవార్లూ దులిపి, పొద్దున తెచ్చి మళ్ళీ కప్పేవాళ్ళు.

కమిషనర్ గారు వచ్చే రోజున సూర్యుడు కూడా పర్యటనకు వచ్చినట్టే ఉన్నాడు. ఏసోబు ముందు జాగ్రత్తగా ట్రాక్టరు నిండా ఐసు తెచ్చాడు. కప్పు మీద, దారి పొడుగునా, పందిరి చుట్టూ తెల్లగా పరిచారు. పందిరి నరకడానికి తెల్లారగానే గొడ్డలి తీశారు. కాని కారు చెప్పిన వేళకంటే ముందే గేటు దాటింది. ఇంత పెద్ద అధికారి ముందుగా రావడం ఎవరూ ఊహించలేని పొరపాటు. ఏసోబు గొడ్డలిని ఐసులో పూడ్చి చేతులు కట్టుకున్నాడు.

కమిషనర్ గారు మోకాళ్ళ దాకా వచ్చే ఉన్ని కోటుతో దిగారు. బూటు కింద ఐసు కరకరలాడితే కళ్ళు మూసుకుని పరవశించారు. "అచ్చం అక్కడిలాగే ఉంది," అన్నారు. గాలి పీల్చి, "ఈ వాసన కూడా..." అని ఆగి, కొంచెం ఆలోచించి, "చలి వాసన," అని తేల్చారు.

గ్రీన్‌హౌస్ లోపలికి వెళ్ళగానే కోటులోంచి ఆవిరి లేచింది. చాప మీద వడియాలు చూపించి, "ఇవేమిటి?" అని అడిగారు.

"శుద్ధి చేసిన విత్తనాలు సార్," అన్నారు పరాంకుశం గారు.

"ఆ పొంగుతున్న గిన్నె?"

"జీవామృతం సార్," అంది సామ్రాజ్యం. "రేప్పొద్దున ఆవిరి మీద పెడతాం."

"అద్భుతం," అని కమిషనర్ గారు తడిసి ముద్దయి బయటికి వచ్చి, ఎదురుగా ఉన్న పందిరిని చూశారు. కింద తెల్లటి ఐసు. పైన పచ్చటి ఆకు, ఊదా పూలు, గుత్తుల కాయలు. దమయంతికి కాళ్ళ కింద ఐసు కరుగుతున్నట్టు కాక తానే కరుగుతున్నట్టు అనిపించింది.

"ఇది నరకమన్నాం సార్, ఈ రోజే..." అని పరాంకుశం గారు మొదలుపెట్టారు.

"నరకడమా?" కమిషనర్ గారు చెయ్యెత్తారు. "మంచులో కాస్తోందయ్యా ఇది! అక్కడి శాస్త్రజ్ఞులే కాయించలేకపోయారు. మహోద్యమం మొదలైన మొదటి శీతాకాలంలోనే మనం కొత్త రకం సాధించాం. దీని పేరు..." చుట్టూ చూశారు. "హిమ చిక్కుడు."

అందరూ చప్పట్లు కొట్టారు. ఏసోబు కొట్టిన చప్పట్లకు ఐసులోంచి గొడ్డలి కామ కొంచెం పైకి తేలింది. దాన్ని కాలితో తొక్కాడు.

పందిరి దక్కిందని ఆ సాయంత్రం పిల్లలు గంతులు వేశారు. సామ్రాజ్యం వెల్లుల్లి పొట్టు తీయడం మొదలుపెట్టింది. వెల్లుల్లి పొట్టు ఇంకా చేటలోనే ఉండగా పందిరి చుట్టూ ముళ్ళ కంచె పడింది, బోర్డు లేచింది. హిమ చిక్కుడు, రక్షిత జాతి. మనుషులు కోయరాదు, ముట్టరాదు, వండరాదు.

పిల్లలు కంచె ఇవతల వరసగా నిలబడి కాయలు ముదరడం చూశారు. ముదిరిన కాయ పీచు కట్టి, ఎండి, లోపల గింజలు గలగలలాడే దాకా ఎన్నాళ్ళు పడుతుందో వాళ్ళకు తెలుసు. రోజూ పళ్ళెంలో పసుపు నీళ్ళు, కళ్ళ ముందు చిక్కుడుకాయ. నరికినా బాగుండేది, కనపడకుండా పోయేది అని ఒక పిల్ల అన్నది దమయంతి చెవిన పడింది.

మర్నాడు దమయంతి ఉత్తర్వును బల్ల మీద పెట్టుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంది. పై నుంచి వచ్చిన కాగితాన్ని ఆమె కూర్చుని చదవడం అదే మొదలు. చదివి, ఫోను తీసింది.

"సార్, చిన్న స్పష్టత కావాలి. కాయలు మనుషులు కోయకూడదని బోర్డు. శీతాకాల పక్షులకు ఈ ఆవరణలో పండిన దానితోనే మేత వెయ్యాలని ఉత్తర్వు. రగ్గుల కింద ఉడికి వంకాయలు పోయాయి, టమాటా నారు పోయింది, గోంగూరను పర్యటనకొచ్చిన జనం తొక్కేశారు. పండింది చిక్కుడే. ఏది అమలు చెయ్యమంటారు?"

అవతల పరాంకుశం గారు ఫైలు తిరగేసిన చప్పుడైంది. "ఉత్తర్వూ శిరోధార్యమే, బోర్డూ శిరోధార్యమే. రెండూ అమలు చేయండి."

"అంటే పక్షుల కోసమైతే కోయొచ్చా సార్?"

"పక్షులకు చేతులు లేవు గనుక వాటి తరఫున కోయడం మనుషులు కోయడం కిందికి రాదు. ఏయే పక్షులు తిన్నాయో ప్రతి వారం వివరాలు పంపండి."

"అట్టాగే సార్," అంది దమయంతి. ఆ మధ్యాహ్నం హాస్టల్లో చిక్కుడుకాయ కూర వండారు. వెల్లుల్లి కారం వేసి, సగం వీధికి వాసన వచ్చేట్టు.

ఆ వారం వివరాల్లో దమయంతి ఇలా రాసింది. వలస జాతి పక్షులు. వానలకు ముందు దూరపు పల్లెలనుంచి వచ్చి, వేసవిలో తిరిగి వెళ్ళిపోవును. తెల్లని రొమ్ము, నడుము కింద ముదురు నీలం. నెత్తికి రెండు పక్కల నల్లని పొడవాటి కుచ్చులు, చివర ఎరుపు. గుంపుగా తిరుగును, గంట కొట్టిన వెంటనే వాలును, మేత వేసేలోపు విపరీతమైన గోల చేయును.

పై ఆఫీసులో గగ్గోలు పుట్టింది. అంత అరుదైన జాతి ఏ పుస్తకంలోనూ లేదు. ప్రత్యక్షంగా పరిశీలించి ధ్రువీకరించమని పరాంకుశం గారిని పంపారు. ఆయన మెళ్ళో దుర్భిణి వేలాడేసుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో గోడ పక్కన నక్కి కూర్చున్నారు.

గంట కొట్టారు. తెల్ల చొక్కాలు, నీలం లంగాలు, ఎర్ర రిబ్బన్లు కట్టిన రెండేసి జడలు, చేతుల్లో పళ్ళేలు. పిల్లలు గోలగోలగా వరస కట్టారు.

పరాంకుశం గారు దుర్భిణి కళ్ళకు పెట్టుకుని చూశారు. తీసి చూశారు. మళ్ళీ పెట్టుకున్నారు. దమయంతి ఆయన పక్కనే నిలబడి ఉంది. ఆమె ఉద్యోగం కాగితం ఆయన ఫైల్లోనే ఉంది. ఆ ఫైలు ఆయన చంకలోనే ఉంది.

"దమయంతి గారూ."

"సార్."

"ఇవేనా?"

"ఇవే సార్."

ఆయన ఏదో అనబోయారు. ఇంతలో సామ్రాజ్యం ఒక పళ్ళెంలో వేడన్నం, దాని పక్కన చిక్కుడుకాయ కూర, పైన రెండు వడియాలు వేసి తెచ్చి చేతికిచ్చింది. "మేత నాణ్యత కూడా చూడాలంట గదా బాబూ. చూడండి."

ఆయన ఒక ముద్ద పెట్టుకున్నారు. నమిలారు. దుర్భిణి పక్కన పెట్టారు. ఫైలు కింద పెట్టి దాని మీదే కూర్చున్నారు. తర్వాత పళ్ళెం ఖాళీ అయ్యేదాకా తలెత్తలేదు. తలెత్తి, ముందు పిల్లల్ని, తర్వాత గిన్నెను చూశారు.

"పరిశీలకులకు మేత వర్తిస్తుందా లేదా అన్న విషయంలో పై నుంచి స్పష్టత తెప్పించాల్సి ఉంది," అన్నారు గంభీరంగా. "అది వచ్చేలోగా... ఇంకాస్త వెయ్యమ్మా."

"మీ స్పష్టత వచ్చేలోగా కాయ అయిపోద్ది బాబూ, తినండి," అంది సామ్రాజ్యం గరిటె నిండా వేస్తూ.

తర్వాతి వారం వివరాల్లో దమయంతి ఒక వాక్యం కలిపింది. కొత్తగా మరొక పక్షి కనిపించినది. నెత్తిన ఈకలు లేవు, కళ్ళ చుట్టూ గుండ్రని వలయాలు. గుంపుతో కలవక ఒంటరిగా గోడ పక్కన వాలును. తనిఖీ రోజుల్లోనే వచ్చును. రెండోసారి వడ్డించేదాకా లేవదు.

అది నిజమేనని ధ్రువీకరిస్తూ కింద పరాంకుశం గారు సంతకం పెట్టారు.